ఇరోరి పక్కన భోజనం: జపాన్ నిప్పుల గుంట గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

టోక్యోలో ఉంటున్నందుకు నాకు జీతం లేని ఉద్యోగం ఒకటి అంటుకుంది. ఊరి నుంచి వచ్చే చుట్టాలకీ, స్నేహితుల స్నేహితులకీ ఎక్కడికి వెళ్ళాలో, ఏం తినాలో చెప్పడం. సుషీ, రామెన్ ముచ్చట తీరాక అందరూ ఒక్క దగ్గరికే వస్తారు. "నేలలో గుంట, గుంటలో నిప్పులు, చుట్టూ పుల్లలకు గుచ్చిన చేపలు. వీడియోలో చూశాం. అదెక్కడ దొరుకుతుంది?" ఆ వెనకే ప్రశ్నల వరస. ఇన్నాళ్ళూ ఫోన్లో విడివిడిగా చెబుతూ వచ్చిన జవాబులే ఇవి.

అసలు ఇరోరి అంటే ఏమిటి?

పాతకాలపు జపాన్ పల్లెటిళ్ళలో నట్టింట నేలలోకి దించి కట్టిన చదరపు పొయ్యి. చెక్క నేలను నలుపలకలుగా కోసి, లోపల రాయి, మట్టితో గూడు కట్టి, దాన్నిండా బూడిద పోస్తారు. బూడిద నడుమ నిప్పు. గట్టు చుట్టూ చెక్క చట్రం. పైన దూలం నుంచి ఒక కొక్కెం వేలాడుతుంది. దాన్ని జిజైకగి అంటారు. మనం గ్యాస్ పొయ్యి మర తిప్పి మంట తగ్గిస్తాం. వాళ్ళు మంట జోలికి పోరు, కొక్కేన్ని జరిపి కుండనే పైకెత్తుతారు, కిందికి దించుతారు. కొక్కెం జారకుండా పట్టి ఉంచే అడ్డచెక్కను చాలా ఇళ్ళలో చేప ఆకారంలో చెక్కుతారు. చేప నీటి జీవి కాబట్టి ఇంటికి అగ్గి భయం ఉండదని నమ్మకం.

వంట అక్కడే, చలి కాగడం అక్కడే, రాత్రి వెలుతురూ అదే. తడిబట్టలు ఆరేదీ, ముసలమ్మ కథలు చెప్పేదీ ఆ గుంట పక్కనే. నెలల తరబడి మంచులో కూరుకుపోయే కొండ ఊళ్ళలో ఇల్లంతా దాని చుట్టూనే తిరిగేది.

రొబాతాయాకి అన్నా ఇదేనా?

కాదు, దీని బిడ్డ. రొబాతా అంటే పొయ్యి పక్కన, యాకి అంటే కాల్చడం. ఇరోరి ఇంట్లోది, రొబాతాయాకి దుకాణంలోది. ఉత్తర జపాన్‌లోని సెండై నగరంలో 1950లో అమయె తొమియా అనే ఆయన 'రొబాతా' పేరుతో ఒక చిన్న తాగుడు కొట్టు పెట్టాడు. ఊళ్ళో ఇరోరి చుట్టూ కూర్చున్న అనుభూతిని పట్నంలో అందించాలన్నది ఆయన ఆలోచన. ఆ పద్ధతి హొక్కైదోలోని కుషిరో రేవుకు పాకింది. చేపలకు కొదవలేని ఊరు కావడంతో నిప్పుల మీద చేపలు, గుల్లలు కాల్చి పెట్టడం అక్కడే బాగా పేరుకెక్కింది.

నేటి రొబాతా దుకాణంలో వంటవాడు ఎత్తు గద్దె మీద మోకాళ్ళు మడిచి కూర్చుంటాడు. అతని ముందు నిప్పులు, నిప్పుల అవతల మంచు గడ్డల మీద పరిచిన చేపలు, కూరగాయలు, వాటికి అవతల మనం. ఏది కావాలో వేలితో చూపిస్తే చాలు. కాలగానే పొడవాటి చెక్క తెడ్డు మీద పెట్టి, మన ముక్కు ముందుకు చాచి అందిస్తాడు. జాలర్లు పడవల్లో కాల్చుకుని తెడ్ల మీద ఒకరికొకరు అందించుకునేవారని, దాన్నుంచే ఇది వచ్చిందని ఒక కథ ఊరంతా తిరుగుతోంది. కథ బాగుంది. లెక్కకు అందే చరిత్ర మాత్రం సెండై కొట్టుదే.

హిబాచి, తెప్పన్‌యాకి, యాకితోరి... ఇవన్నీ ఒకటేనా?

యాకితోరి అంటే కోడి ముక్కలు పుల్లలకు గుచ్చి సన్నటి పొయ్యి మీద కాల్చేది. తెప్పన్‌యాకి ఇనుప పెనం మీద చేసేది, నిప్పు మనకు కనబడదు. హిబాచి అచ్చం మన కుంపటి. చేతులు కాచుకోవడానికి, మహా అయితే ఒక కెటిల్ పెట్టుకోవడానికి. అమెరికా నుంచి వచ్చే మనవాళ్ళు 'హిబాచి రెస్టారెంట్' అని అడిగేది నిజానికి తెప్పన్‌యాకినే. ఇక్కడ ఆ మాటతో అడిగితే పాత సామాన్ల కొట్టు చూపిస్తారు.

చేపను నిప్పు మీద పెట్టకుండా పక్కన ఎందుకు నిలబెడతారు?

ఇది ఎవరు అడిగినా నాకు సంతోషం, ఎందుకంటే అసలు విద్యంతా ఇందులోనే ఉంది. మన భాషలో మంట వేరు, సెగ వేరు. ఇరోరి వంట సెగ వంట. జపాన్ వంటవాళ్ళు 'త్సుయొబి నొ తోబి' అంటారు. నిప్పు గట్టిగా ఉండాలి, వస్తువు దూరంగా ఉండాలి అని. సన్నటి నిప్పుకు దగ్గరగా పెట్టినా అంతే వేడి తగులుతుంది కదా అనిపిస్తుంది. తగలదు. దగ్గర పెడితే పైన మాడి లోపల పచ్చిగా ఉంటుంది. పెద్ద నిప్పుకు జానెడు దూరంలో నిలబెడితే సెగ చేప ఒంటినంతా సమంగా కమ్ముకుంటుంది.

రెండో లాభం కొవ్వుది. చువ్వల మీద పడుకోబెట్టి కాలిస్తే కొవ్వు కరిగి నిప్పుల్లో పడుతుంది, భగ్గుమంటుంది, పొగ చేపకు పట్టి మసి వాసన వస్తుంది. ఇక్కడ చేప తల కిందికి, తోక పైకి ఉంటుంది. కరిగిన కొవ్వు ఒళ్ళంతా జారుతూ తలలోకి దిగి, నోట్లోంచి చుక్కలుగా బూడిదలో పడుతుంది. నిప్పులో కాదు. తల తన కొవ్వులో తానే వేగి కరకరలాడుతుంది. అందుకే మంచి ఇరోరి చేపను తలతో సహా నమిలేస్తారు. ఈ పద్ధతికి గెన్షియాకి అని పేరు, ఆదిమ కాల్పు అని అర్థం.

షికోకు ద్వీపంలో ఇయా లోయ అని లోతైన కొండ లోయ ఉంది. అక్కడ ఒక చిన్న బసలో ఎనభై దాటిన బామ్మ అమెగో చేపలు కాలుస్తుంటే పక్కన కూర్చున్నాను. ముందు అరచేతిని నిప్పు ముందు పెట్టి చూసింది. పుల్లను రెండు వేళ్ళ మందం వెనక్కి జరిపి గుచ్చింది. ఇక ముట్టుకోలేదు. ఇరవై నిమిషాలకు చేప నోటి దగ్గర ఒక చుక్క ఊరింది, వేలాడింది, పడింది. బూడిదలో చిన్న నల్లటి ఉండ కట్టింది. తర్వాత ఇంకొకటి. ఆవిడ ఆ ఉండల్నే చూస్తోంది, చేపను కాదు. చుక్కల మధ్య ఎడం పెరిగి పెరిగి చివరికి చుక్క రాలడం ఆగింది. "ఇక తినొచ్చు" అంది. గడియారం లేదు, థర్మామీటర్ లేదు.

చేప ఈదుతున్నట్టు వంకరగా ఉంటుందే, అందం కోసమా?

అందం కూడా. కానీ పుల్లను తిన్నగా దూస్తే చేప మెత్తబడ్డాక గిర్రున తిరిగిపోతుంది. కంటి దగ్గర దూర్చి, నడుము దగ్గర బయటికి తీసి, మళ్ళీ దూర్చి తోక దగ్గర తేల్చితే అలలా వంగి పుల్లకు కరుచుకుంటుంది. రెక్కలకీ తోకకీ ఉప్పు దట్టంగా అద్దుతారు. ముద్దుగా 'అలంకారపు ఉప్పు' అంటారు. అది లేకపోతే పలచటి తోక ముందే మాడి రాలిపోతుంది.

ఎన్నిసార్లు తిప్పాలి?

జపాన్‌లో ఒక సామెత ఉంది: చేపను ప్రభువు చేత కాల్పించు, మోచీని బిచ్చగాడి చేత కాల్పించు. ప్రభువుకు తొందర లేదు, కదలడు. చేపకు అదే కావాలి. బిచ్చగాడు ఆకలితో నిమిషానికోసారి తిప్పి చూసుకుంటాడు. మోచీ అనే బియ్యపు ముద్దకు అది మంచిది. ఏ వైపు ముందు చూపించాలన్నదానికీ ఒక సూత్రం ఉంది: సముద్రపు చేపకు పొట్ట, ఏటి చేపకు వీపు.

మొదటిసారి నా చేతికి పుల్ల ఇచ్చినప్పుడు నేను అచ్చం బిచ్చగాడిలాగే ప్రవర్తించాను. ఆరోసారి తిప్పేసరికి చర్మం ఊడి, చేప సగం బూడిదలో పడింది. పక్కన కూర్చున్న పెద్దాయన ఏమీ అనకుండా తన చేప నాకిచ్చాడు. అది తింటుంటే సిగ్గుతో గొంతు దిగలేదు, కానీ రుచి మాత్రం ఇప్పటికీ గుర్తుంది.

ఏ చేపలు కాలుస్తారు? పేగులు తీస్తారా?

కొండ ఊళ్ళలో ఏటి చేపలే: ఇవానా, యామామె, అయు. ఇవానా, యామామెలకు పొట్ట శుభ్రం చేస్తారు. అయును మాత్రం చాలాచోట్ల అలాగే కాలుస్తారు. ఏట్లో రాళ్ళ మీది నాచు తిని పెరిగే చేప అది, ఆ లోపలి చిరుచేదు కోసమే ఎదురుచూసే వాళ్ళున్నారు. కాకరకాయ ఇష్టపడే వాళ్ళకు అర్థమవుతుంది. వేసవి దాని కాలం. చేపతో ఆగరు. అకితా ప్రాంతంలో అన్నాన్ని దంచి దేవదారు కర్రకు పట్టించి నిప్పు చుట్టూ నిలబెడతారు, దాని పేరు కిరితంపో. ఇయాలో బంగాళదుంప, గట్టి టోఫు, కొన్యాకు అనే దుంపపిండి ముక్క ఒకే పుల్లకు గుచ్చి, మిసో అనే పులియబెట్టిన సోయా ముద్ద పూసి కాలుస్తారు. తిప్పుతుంటే బొమ్మలాటలో తల తిరిగినట్టు ఉంటుందని 'దెకోమవాషి' అన్నారు, దెకో అంటే బొమ్మ.

ఎంతసేపు పడుతుంది?

ఏటి చేపకు ముప్పావుగంట నుంచి గంట. ఆకలి మీద వెళ్ళకండి.

బిన్చోతాన్ బొగ్గు అంటారు, అంత గొప్పదా?

గొప్పదే. కీ ద్వీపకల్పంలో, ఇప్పటి వకయామా జిల్లాలో, ఉబమె అనే ఓక్ జాతి చెట్టు కొమ్మలతో చేస్తారు. 17వ శతాబ్దం చివర తనబె ఊరి వర్తకుడు బిచ్చూయా చోజయెమోన్ దీన్ని అమ్మి ప్రచారంలోకి తెచ్చాడు. 'బిన్చో' ఆయన పేరులోంచే వచ్చింది. రోజుల తరబడి సన్నగా కాల్చి, చివర్లో గాలి వదిలి బట్టీ వేడిని 1,000 డిగ్రీలు దాటిస్తారు. ఎర్రగా కణకణలాడుతుండగానే బయటికి లాగి, తడి మట్టీ బూడిదా కలిపి కప్పేస్తారు. అందుకే దాని మీద తెల్లటి పూత ఉంటుంది. తెల్ల బొగ్గు అనేది అందుకే. రెండు ముక్కలు తాటిస్తే బొగ్గు చప్పుడు రాదు, ఇత్తడి గిన్నె మోగినట్టు మోగుతుంది. అంటుకోవడానికి మొండికేస్తుంది, అంటుకుంటే గంటల తరబడి పొగ లేకుండా ఒకే తీరుగా సెగ ఇస్తుంది.

కానీ ఒక మాట. ఇరోరి ఉన్న రైతుల ఇళ్ళలో బిన్చోతాన్ ఎవరూ కాల్చలేదు. అది పట్నంలో పాము చేప, యాకితోరి కొట్ల సరుకు. పల్లెల్లో కాల్చింది కొండ మీది కట్టెలు, మామూలు బొగ్గు. ఏ బొగ్గు అని ఆరా తీసేవాళ్ళకు నేను చెప్పేది ఒకటే, బూడిద ఎంత ఉందో చూడండి.

బూడిద ఎందుకు అంత?

పుల్ల నిలబడేది దాన్లోనే. చుక్క పీల్చుకునేదీ అదే. వేడి కిందికి దిగి చెక్క నేల అంటుకోకుండా కాపాడేదీ అదే. బాగా జల్లెడ పట్టిన బూడిద పిండిలా ఉంటుంది, దువ్వెన లాంటి చిన్న పనిముట్టుతో దాని మీద గీతలు దిద్దుతారు. మనవాళ్ళు వాకిట్లో ముగ్గు దిద్దినట్టు. దాన్లో చెత్త పడేయడం, ఉమ్మడం, సిగరెట్ ఆర్పడం పెద్ద తప్పు.

పొగగొట్టం కనబడదు. పొగ ఎటు పోతుంది?

ఇంట్లోకే, ఇంటి పైకప్పులోకి. పైన 'హిదానా' అని ఒక చెక్క తడక వేలాడదీస్తారు. నిప్పురవ్వలు గడ్డికప్పుకు తగలకుండా ఆపుతుంది. దాని మీద చేపలు, మొక్కజొన్నలు ఆరేస్తారు. మన ఊళ్ళలో విత్తనాల కంకుల్ని వంటింట్లో పొయ్యి పైన కట్టేవాళ్ళు గుర్తున్నారా, అదే సూత్రం. పొగకు పురుగు చేరదు. గడ్డి కప్పు, దాన్ని కట్టిన తాళ్ళు, వెదుళ్ళు అన్నీ పొగచూరి గట్టిపడతాయి. నిప్పు మానేసిన పాత ఇళ్ళలో కప్పు త్వరగా కుళ్ళుతుంది.

ఆ కప్పుల్లోంచి తీసిన వందేళ్ళ వెదురుకు సుసుదాకె అని పేరు, మసి వెదురు. ముదురు గోధుమ రంగులో, తుడిస్తే నిగనిగలాడుతుంది. తేనీటి వేడుకలో వాడే కుంచెలు, పిల్లనగ్రోవులు దాంతో చేస్తారు. కొత్తగా తయారుచేసుకునే సరుకు కాదు, పాత ఇల్లు విప్పితేనే దొరుకుతుంది. అకితాలో ముల్లంగిని ఇరోరి పైన కట్టి పొగపట్టించి ఊరగాయ వేస్తారు, ఇబురిగక్కో అంటారు. సూర్యుడు సరిగ్గా రాని మంచు ఊళ్ళో ఎండబెట్టే వీలు లేక పుట్టిన పచ్చడి అది.

అంతా బాగుందనుకోకండి. జీవితమంతా ఆ పొగలో వండిన ఆడవాళ్ళ కళ్ళు ఏమయ్యాయో ఎవరూ బొమ్మ తీసి పెట్టరు. యుద్ధం తర్వాత 1948లో వ్యవసాయ శాఖ మొదలుపెట్టిన జీవన మెరుగుదల కార్యక్రమంలో పొయ్యిల్ని మార్చడం ముఖ్యమైన పని. పొగ కంటికీ, ఊపిరికీ, నడుముకూ చేటన్నది అప్పటి ఇల్లాళ్ళ గోడు. తర్వాత గ్యాస్ సిలిండరు, కిరసనాయిలు స్టవ్ వచ్చి ఇరోరిని మూయించేశాయి. చాలా ఇళ్ళలో గుంట మీద పలక వేసి చాప పరిచేశారు.

ఎవరు ఎక్కడ కూర్చోవాలి?

నాలుగు వైపులా నాలుగు పేర్లు. మట్టినేల వాకిలికి ఎదురుగా లోపలి వైపు యొకొజా, ఇంటి యజమాని చోటు. దాని పక్కన ఒకవైపు కకజా, ఇల్లాలిది. గిన్నెలు, గరిటె ఆమె చేతికి అందేచోటు. ఎదురు పక్క క్యకుజా, అతిథులకు. యజమానికి ఎదురుగా, వాకిలి వైపు కిజిరి. కట్టెల మొదళ్ళు అటువైపుకు తిరిగి ఉంటాయి, పొగా అటే, చలిగాలీ అటే. కొత్త కోడలు, పనివాళ్ళు కూర్చునే చోటు అది. ఏమీ చెప్పకుండానే ఇంట్లో ఎవరి స్థానమేంటో ఆ గుంట చెప్పేస్తుంది. యొకొజాలో కూర్చునేది పిల్లి, పిచ్చివాడు, పూజారి అని ఒక మాట ఉంది, యజమాని కాకుండా అక్కడ కూర్చోడానికి తెగించేవాళ్ళు ఆ ముగ్గురే అని.

ఇప్పటి బసల్లో మీకు ఎవరో చోటు చూపిస్తారు, అక్కడ కూర్చోండి. మొహమాటపడి వాకిలి వైపు జరిగితే పొగ మీకే.

పాటించాల్సిన మర్యాదలేమైనా?

గట్టు చట్రం మీద కాలు పెట్టకూడదు, దాటుకుని పోకూడదు. గడప తొక్కొద్దని మన ఇళ్ళలో అన్నట్టే. తినేముందు చేతులు జోడించి 'ఇతదకిమసు'. అది వండినవాళ్ళకే కాదు, ప్రాణం ఇచ్చిన చేపకు కూడా. మీ గ్లాసు మీరే నింపుకోకండి, పక్కవాళ్ళది నింపండి, మీది వాళ్ళు చూసుకుంటారు. చాప్‌స్టిక్స్ నుంచి చాప్‌స్టిక్స్‌కి ముక్క అందించడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. దహనం తర్వాత ఎముకల్ని అలా అందించుకుంటారు కాబట్టి బల్ల దగ్గర ఆ పని చూస్తే పెద్దవాళ్ళ ముఖం మాడిపోతుంది. పుల్ల చేత్తో పట్టుకుని కొరుక్కు తినొచ్చు, తప్పు లేదు.

కుండలో కూర ఉడుకుతుంటే ఏది ముందు వేయాలో, ఎప్పుడు తీయాలో ఒకరు పెత్తనం చేస్తుంటారు. అలాంటి మనిషికి 'నబె బుగ్యో' అని పేరు, కుండ మేజిస్ట్రేటు అన్నమాట. మన పెళ్ళి వంటల దగ్గర నిలబడే బాబాయి లాంటివాడు. ఎదురు చెప్పకండి.

మేం శాకాహారులం. మాకేముంటుంది?

ఉంటుంది, కానీ అడగాలి. రొబాతా దుకాణంలో వంకాయ, షిటాకె పుట్టగొడుగు, మొక్కజొన్న, ఉల్లికాడ, షిషితో మిరప, వెన్నతో బంగాళదుంప, గింకో గింజలు, వేయించిన టోఫు, కాల్చిన అన్నం ముద్ద దొరుకుతాయి. వంకాయను తొక్క నల్లబడేదాకా కాల్చి, ఒలిచి, అల్లం, సోయాతో పెడతారు. కాల్చిన వంకాయ పచ్చడి తిన్న నోటికి అది పరాయిది కాదు.

చిక్కు దాషిది, అంటే వంటల్లో కలిపే రసంది. కూరగాయ ముక్కకు పూసే సాస్‌లో, మిసో పులుసులో కత్సువో చేపతో తీసిన రసం ఉంటుంది. 'కూరగాయే కదా' అని వాళ్ళు నిజాయితీగానే అనుకుంటారు. ఈ వాక్యం నేర్చుకోండి: "నికు మొ సకానా మొ తాబెమాసెన్. కత్సువో దాషి మొ దామె దెసు." మాంసం, చేప తినను, కత్సువో రసం కూడా కుదరదు అని. ఉప్పుతో చాలు అనడానికి "షియో దకె". అదే చువ్వల మీద చేపా కాలుతుంది. ఆ పట్టింపు గట్టిగా ఉన్నవాళ్ళు బౌద్ధ మఠాల్లో చేపా మాంసం లేకుండా పెట్టే షోజిన్ భోజనానికి వెళ్ళడం మేలు.

మద్యం తాగం. అక్కడ కూర్చోవచ్చా?

ఊలాంగ్ టీ అడగండి, ఎవరూ వింతగా చూడరు. తాగేవాళ్ళకు ఒక సంగతి: బాగా ఎండేలా కాల్చిన ఇవానాను పెద్ద గిన్నెలో పెట్టి, మీద వేడి సాకే (బియ్యపు మద్యం) పోసి అందరూ ఒకే గిన్నె తిప్పుకుంటూ తాగుతారు. కొత్సుజాకె అంటారు. చేప వాసన పడనివాళ్ళు దూరం.

కింద కూర్చోలేను, మోకాళ్ళ నొప్పులు.

బుక్ చేసేటప్పుడే 'ఇసు' అంటే కుర్చీ కావాలని చెప్పండి. కొన్నిచోట్ల కాళ్ళు కిందికి వేలాడేసేలా గుంట తవ్విన ఇరోరి ఉంటుంది. మఠం వేసుకుని కూర్చోవడం తప్పు కాదు.

చిన్నపిల్లల్ని తీసుకెళ్ళొచ్చా?

వెళ్ళండి, కానీ చేయి వదలకండి. నొగుచి హిదెయో పేరు విన్నారా? 2004 నుంచి 2024 దాకా వెయ్యి యెన్‌ల నోటు మీద బొమ్మ ఆయనదే. 1876లో ఫుకుషిమా పల్లెలో పుట్టాడు. ఒకటిన్నరేళ్ళ వయసులో, తల్లి పనిలో ఉండగా, ఇరోరిలో పడి ఎడమ చేతి వేళ్ళు కాలి అతుక్కుపోయాయి. తర్వాత శస్త్రచికిత్సతో కొంత బాగుపడింది. వైద్యం మీద ఆసక్తి పుట్టి బాక్టీరియా శాస్త్రవేత్త అయ్యాడు. ఇనవాషిరోలో ఆయన పుట్టిన ఇల్లు, ఆ ఇరోరితో సహా, ఇప్పటికీ ఉంది. అక్కడ నిలబడితే ఆ గుంట ఎంత లోతు తక్కువో, పిల్లవాడికి ఎంత అందుబాటులో ఉందో చూసి గుండె ఝల్లుమంటుంది.

ఎక్కడికి వెళ్ళాలి?

టోక్యో దాటి పోలేకపోతే కవాసాకిలోని నిహోన్ మింకాయెన్‌కు వెళ్ళండి. దేశం నలుమూలల నుంచి విప్పి తెచ్చిన పాత ఇళ్ళను అక్కడ మళ్ళీ నిలబెట్టారు, 1967లో తెరిచారు. ఇళ్ళు పాడవకుండా స్వచ్ఛంద కార్యకర్తలు ఇరోరిలో నిప్పు వేస్తుంటారు. తినడానికి కాదు, పక్కన కూర్చుని పొగ వాసన ఒంటికి పట్టించుకోవడానికి.

ఒక పూట ప్రయాణం చేయగలిగితే ఫుకుషిమాలోని ఓఉచిజుకు. గడ్డికప్పుల వీధి అంతా పుల్లల మీద ఇవానా చేపలు కాలుతుంటాయి. చాప్‌స్టిక్స్‌కి బదులు ఒక నిండు ఉల్లికాడతో నూడుల్స్ తినిపిస్తారు, అది సరదాకే తప్ప పని జరగదు. దిగే స్టేషన్ యునొకమి ఓన్సెన్. దాని కప్పూ గడ్డిదే, లోపల ఇరోరి ఉంటుంది. రైలు కోసం కాచుకునేది నిప్పు పక్కనే.

షిరకావాగో, గొకయామా గ్రామాలు 1995 నుంచి యునెస్కో వారసత్వ జాబితాలో ఉన్నాయి. జోడించిన అరచేతుల్లాంటి నిటారు కప్పులు, పై అంతస్తుల్లో పట్టుపురుగులు పెంచేవారు, కింద ఇరోరి వెచ్చదనం పైకి చేరేది. ఆ పురుగుల రెట్టను, గడ్డినీ మట్టితో కలిపి ఇరోరి దగ్గర నేల కింద మాగబెట్టి తుపాకి మందుకు సురేకారం తీసేవారు. పగటి బస్సుల్లో వచ్చి ఫొటో తీసుకుని పోయే జనం మధ్య ఇదేదీ తెలియదు. రాత్రి బస చేస్తేనే ఆ ఊరు ఊరనిపిస్తుంది. తోచిగిలోని యునిషిగావా వేడినీటి ఊరు, ఇందాక చెప్పిన ఇయా లోయ కూడా ఇరోరి భోజనానికి పేరున్నవే. నన్నడిగితే ఇయా. బస్సులు తక్కువ, అందుకే.

బిల్లు ఎంతవుతుంది?

రొబాతా దుకాణంలో కూర్చోగానే అడగకుండా ఒక చిన్న గిన్నె పెడతారు. అది 'ఓతోషి', ఉచితం కాదు, మనిషికి మూడు నాలుగు వందల యెన్‌లు సాధారణం. చేప పక్కన ధర బదులు 'జికా' అని ఉంటే ఆ రోజు మార్కెట్ ధర. వేలు చూపించేముందు అడగండి, పెద్ద పీత మీద వేలు పెట్టి తర్వాత వేలు కొరుక్కోవద్దు. టిప్పు ఇవ్వక్కర్లేదు. పల్లె బసల్లో భోజనం గది అద్దెలోనే కలిసి ఉంటుంది.

ఇంట్లో చేసుకోవచ్చా?

గదిలో వద్దు, బాల్కనీలోనూ వద్దు. అపార్ట్‌మెంట్ నియమాలు సరే, అసలు భయం కార్బన్ మోనాక్సైడ్. బొగ్గుకు పొగ లేదంటే విషవాయువు లేదని కాదు, దానికి రంగూ వాసనా ఉండవు. పాత పల్లెటిళ్ళకు సందులెక్కువ, ఇప్పటి గదులు డబ్బాల్లా బిగించి ఉంటాయి. చలికాలంలో గదిలో కుంపటి పెట్టుకుని పడుకుని లేవనివాళ్ళ వార్తలు మనమూ చదువుతూనే ఉన్నాం.

ఊళ్ళో పెరడుంటే మాత్రం హాయిగా చేసుకోవచ్చు. ఇటుకలు చదరంగా పేర్చి, బెత్తెడు మందాన కట్టెల బూడిద పోయండి. బూడిద చాలకపోతే కింద ఇసుక, పైన బూడిద. బొగ్గును వేరేచోట రాజేసి, బాగా ఎర్రబడ్డాక నడుమ కుప్పగా పెట్టండి. కానాగంతలు చక్కగా సరిపోతాయి. పొట్ట శుభ్రం చేసి, కడిగి, తడి లేకుండా తుడిచి, ఉప్పు రాసి అరగంట ఉంచి, ఊరిన నీళ్ళు మళ్ళీ తుడవండి. ఇనుప ఊచ గుచ్చి తల కిందికి ఉండేలా జానెడు దూరంలో నిలబెట్టండి. కారం, మసాలా దట్టించాలని చేయి లాగుతుంది. మొదటిసారికి లాగనివ్వకండి. దూరపు సెగకు ఉప్పు తప్ప ఏదీ నిలవదు, కారం చేప ఉడికేలోపే మాడి చేదెక్కుతుంది. నిమ్మకాయ పిండుకుంటానంటే అడ్డు చెప్పను.

తినడం అయ్యాక నిప్పు ఆర్పేస్తారా?

పాత ఇళ్ళలో ఆర్పేవారు కాదు. అగ్గిపుల్లలు లేని రోజుల్లో ఆరిన నిప్పును మళ్ళీ రాజేయడం పెద్ద పని, పైగా నిప్పు ఆరిపోనివ్వడం ఇంటి కోడలికి మాట తెచ్చేది. పడుకునేముందు మిగిలిన కణికల్ని నడుమకు దగ్గరగా చేర్చి, మీద మెత్తగా బూడిద కప్పేవారు. దాన్ని ఉజుమిబి అంటారు. దానికి మనకు మాట వెతుక్కోవాల్సిన పని లేదు, నివురుగప్పిన నిప్పు.

ఇయా బసలో ఆ బామ్మ కూడా అదే చేసింది. ఇనుప పుల్లలతో నాలుగు కణికల్ని ఒక్కటొక్కటిగా ఏరి గుంటలో పెట్టి, బూడిద జల్లి, గరిటె వెనకతో మెల్లగా తట్టింది. చేప చుక్కలతో కట్టిన నల్ల ఉండల్ని ఏరి పక్కన పెట్టింది. తెల్లారి ఆరింటికి నేను లేచి వచ్చేసరికి బూడిదను వేలితో పాయ తీసి, ఎండు పుల్ల ఆనించి ఒక్కసారి ఊదింది. టీ కెటిల్ కొక్కేనికి తగిలించి, నన్ను ఇటు జరగమని చెయ్యి ఊపింది, నేను పొగ వచ్చే వైపు కూర్చున్నాను.